‘ద్రోహం’ అనే సోమరి మాట

ప్రతి సెప్టెంబర్ 17న ఇబ్రహీంపట్నం చౌరస్తాలో నిలబడితే నాకు ఒకటే అనుమానం వస్తుంది: ఇవాళ ఏం రోజు? తేదీ తెలుసు, పేరు తెలియదు. బీజేపీ వాళ్ళ ఫ్లెక్సీ మీద అది విమోచన దినం. 2022లో అప్పటి టీఆర్ఎస్ ప్రభుత్వం దాన్ని జాతీయ సమైక్యతా దినం అంది. అదే ఏడాది, అదే రోజు, కేంద్ర ప్రభుత్వం పరేడ్ గ్రౌండ్స్‌లో వేరే సభ పెట్టి విమోచన అంది. 2024లో కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఎర్రజెండాల వాళ్ళకు అది సాయుధ పోరాటాన్ని తలుచుకునే వారం. వాళ్ళలో ఎక్కువమంది విలీనం అంటారు. ఒకే స్తంభానికి కింద ఒకటి, పైన ఒకటి ఫ్లెక్సీలు కడతారు. మధ్యాహ్నానికి గాలికి చినిగి ఒకదాని అక్షరాలు ఇంకోదాని మీద పడతాయి.

1948 సెప్టెంబర్ 17న జరిగిన సంగతి మాత్రం ఒక్కటే. ఐదు రోజుల సైనిక చర్య తర్వాత ఏడో నిజాం లొంగిపోయాడు. ఆ రోజు కోసం అంతకుముందు కొట్లాడిన వాళ్ళలో కాంగ్రెస్ ఉంది, కమ్యూనిస్టులు ఉన్నారు, ఆర్యసమాజం ఉంది, ఏ జెండా పట్టుకోని ఊళ్ళ జనం ఉన్నారు. ఒక వైపు నిలబడి కొట్లాడిన వాళ్ళు ఆ రోజుకు ఒక పేరు పెట్టుకోలేకపోయారు. డెబ్బై ఏడేళ్ళు దాటినా పెట్టుకోలేకపోతున్నారు.

ఫ్లెక్సీలను చూసి నవ్వుకుని పోవచ్చు. చాలా ఏళ్ళు నేనూ అదే చేశాను. కానీ ఈ వ్యాసం ఫ్లెక్సీల మీద కాదు, మన మీద. అంటే పుస్తకాలు చదివే వాళ్ళం, వాటి మీద రాసే వాళ్ళం. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన జ్ఞాపకాలకు మనం రాసే సమీక్షలు, ముందుమాటలు, సంస్మరణ వ్యాసాలు తీసి చూడండి. కథ దాదాపు ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది: అందరూ కలిసి కొట్లాడారు, గెలిచారు, తర్వాత ఫలానా వాళ్ళు ద్రోహం చేశారు. ఆ ఫలానా ఎవరన్నది రాసేవాడి పార్టీని బట్టి మారుతుంది. మాట మాత్రం మారదు. ద్రోహం అనగానే విమర్శకుడు పెన్ను మూసి జేబులో పెట్టుకుంటాడు. అసలు పని అక్కడ మొదలు కావాలి అంటున్నాను నేను.

నేను సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి. సాహిత్యంలో డిగ్రీ లేదు. మా పనిలో ఒక మంచి అలవాటు ఉంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, తెల్లారి కూర్చుని ఏం జరిగిందో రాసుకుంటాం. అందులో ‘ఫలానా వాడు పాడు చేశాడు’ అని రాయనివ్వరు. ఎవడో ఒకడు తప్పు బటన్ నొక్కి ఉండొచ్చు, నిజమే. కానీ ఒక్క బటన్‌తో మొత్తం పడిపోయేలా దాన్ని ఎలా కట్టాం అన్నది ప్రశ్న. మనిషిని తిట్టి మీటింగ్ ముగిస్తే వచ్చే నెల మళ్ళీ అదే పడుతుంది. మన చరిత్ర రచన మనిషిని తిట్టి ముగిసిన మీటింగుల గుట్ట.

* * *

ముందు ఒక అబద్ధం తీసేద్దాం. యుద్ధం అయిపోయాక మిత్రులు ప్రత్యర్థులు అవుతారు అంటారు. చాలాసార్లు వాళ్ళు ముందు నుంచీ ప్రత్యర్థులే. యుద్ధం వాళ్ళ పోటీని వాయిదా వేస్తుంది, అంతే.

ఆంధ్ర మహాసభనే చూడండి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరిగినప్పుడు అందులో వకీళ్ళు, పత్రికల వాళ్ళు, గ్రంథాలయోద్యమం వాళ్ళు, భూములున్న పెద్దలు ఉన్నారు. తెలుగులో మాట్లాడనివ్వాలి, బడులు కావాలి, వెట్టి పోవాలి. ఇందులో మొదటి రెండింటి మీద ఎవరికీ పేచీ లేదు. మూడోదాని దగ్గర కొందరి గొంతు సన్నబడేది. వెట్టి చేయించుకునేది ఎవరు? సభలో ముందు వరసలో కూర్చున్న వాళ్ళ చుట్టాలే. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యే నాటికి ఆ సన్నబడ్డ గొంతు బయటపడింది. సభ చీలింది. మితవాదులు, జాతీయవాదులు వేరుగా పోయారు. అంటే పోలీసు చర్యకు నాలుగేళ్ళ ముందే విడాకులు అయిపోయాయి.

మరి 1947లో మళ్ళీ ఎందుకు కలిశారు? నిజాం స్వతంత్రంగా ఉంటానన్నాడు కాబట్టి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు కాబట్టి. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ యూనియన్‌లో చేరాలని సత్యాగ్రహం చేసింది, సరిహద్దుల్లో క్యాంపులు పెట్టింది. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఇద్దరికీ ఎదురుగా ఒకే తుపాకి ఉంది. ఆ తుపాకి ఉన్నంతకాలం ‘భూమి ఎవరికి?’ అన్న ప్రశ్నను ఎవరూ ఎదుటివాణ్ణి గట్టిగా అడగలేదు. కానీ ఊళ్ళో జనం అడగడమే కాదు, జవాబు కూడా రాసుకుంటున్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయినప్పటి నుంచీ అక్కడి జనానికి నిజాం అంటే గడీలో ఉన్న దేశముఖు. హైదరాబాద్ వకీలుకు నిజాం అంటే కింగ్ కోఠీలో ఉన్న నవాబు. ఇద్దరూ ‘నిజాం పోవాలి’ అనే అన్నారు, పోవాల్సిన మనిషి మాత్రం ఇద్దరికీ ఒకడు కాదు.

ఇది మన ఒక్కరి రోగం కాదు. 1912లో సెర్బియా, బల్గేరియా, గ్రీస్, మాంటెనెగ్రో కలిసి టర్కీ మీద యుద్ధం చేశాయి. 1913 మే 30న లండన్‌లో సంధి పత్రం మీద సంతకాలయ్యాయి. జూన్ 29 రాత్రి బల్గేరియా తన మిత్రుల మీదే దాడి చేసింది. సరిగ్గా నెల రోజులు. మాసిడోనియా ఎవరికన్న లెక్క యుద్ధానికి ముందు సగమే తేలింది, మిగిలిన సగం తర్వాత తుపాకులతో తేల్చుకున్నారు. 1945 ఏప్రిల్ 25న ఎల్బే నది ఒడ్డున అమెరికా, రష్యా సైనికులు చేతులు కలిపి ఫోటో దిగారు. ఏడాది తిరగక ముందే, 1946 మార్చిలో, ఫుల్టన్‌లో చర్చిల్ ఇనుప తెర ప్రసంగం చేశాడు. ఆ ఫోటోలో ఉన్న సిపాయిలు ఎవరూ ద్రోహులు కారు. పోలండ్‌ను ఎవరు పాలించాలన్న ప్రశ్న ఫోటోలో పడలేదు, అంతే తేడా.

* * *

ఇప్పుడు 1948 సెప్టెంబర్ 18 ఉదయానికి రండి. లెక్క ఎలా తేలిందో చూడండి.

శత్రువుకు ఏమైంది? మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీదే ఉన్నాడు. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ ఆయనే. మిత్రుడికి ఏమైంది? కమ్యూనిస్టుల మీద అదే సైన్యం తిరిగింది. నిజాంను లొంగదీయడానికి ఐదు రోజులు పట్టింది. కమ్యూనిస్టుల మీద సైన్యం, పోలీసులు నడిపిన దాడి మూడేళ్ళు సాగింది, 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాటాన్ని విరమించేదాకా. పారిపోయిన దేశముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకుని ఊళ్ళకు తిరిగొచ్చారని ఆ కాలపు జ్ఞాపకాలన్నీ చెబుతాయి. పంచిన భూమి పోయింది.

ఇక్కడ ‘ద్రోహం’ అనకుండా ఎలా ఉంటావు అని మీరు అడుగుతారు. అనండి. కానీ కాంగ్రెస్ వాళ్ళ పుస్తకాలు తెరిస్తే అదే మాట మీ కోసం కాచుకుని ఉంటుంది. 1948 మేలో, రజాకార్లు ఊళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. వీళ్ళు నిజాంతో కుమ్మక్కయ్యారనడానికి కాంగ్రెస్ వాళ్ళకు అది చాలింది. ఆ ఏడాది మొదట్లో కలకత్తా మహాసభలో రణదివే పంథా గెలిచింది. నెహ్రూ ప్రభుత్వాన్నే కూలదోయాలన్న పంథా అది. ఢిల్లీలో ఉన్నవాడికి అది ద్రోహం. నల్లగొండలో ఉన్నవాడికి సైన్యం వచ్చి భూమి లాక్కోవడం ద్రోహం. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి, ఇద్దరికీ కన్నీళ్ళున్నాయి. రెండు వైపులా సరిగ్గా సరిపోయే మాట ఏదీ వివరించదు. అది కారణం పేరు కాదు, నొప్పి పేరు.

కారణం భూమి. మిత్రులుగా ఉన్నప్పుడు దాని సంగతి తేల్చుకోలేదు. తేల్చుకుని ఉంటే మిత్రులు అయ్యేవాళ్ళే కారు.

మా జిల్లా పేరులోనే ఈ కథ ఉంది. 1978లో ఏర్పడిన జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి, భువనగిరి తర్వాత అటు పక్కన నిలబడ్డ నాయకుడు, ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఉప ముఖ్యమంత్రి. రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండ నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. ఒకాయన పేరు ప్రతి ఆధార్ కార్డు మీద ఉంది, ఇంకొకాయన పేరు పోటీ పరీక్షల బిట్ బ్యాంకులో ఉంది. ఇందులో ఎవరి గొప్ప ఎంత అని నేను తూకం వేయడం లేదు. గెలిచిన మిత్రుడు పటం మీదికి ఎక్కుతాడు, ఓడిన మిత్రుడు ప్రశ్నపత్రంలోకి పోతాడు అంటున్నాను.

* * *

ఓడిన వాళ్ళయినా ఒక్కటిగా ఉన్నారా? ఇక్కడే మన సమీక్షకుల సోమరితనం నాకు బాగా కోపం తెప్పిస్తుంది.

పోలీసు చర్య తర్వాత తుపాకి దించాలా వద్దా అన్న దగ్గర పార్టీ లోపలే యుద్ధం నడిచింది. రావి నారాయణరెడ్డి ఆపాలన్నాడు. ఆపడం విప్లవానికి ద్రోహం అన్నవాళ్ళు ఉన్నారు. 1951 మొదట్లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్ ముందు ఈ పంచాయితీ పెట్టారు. నల్లగొండ పొలాల తగువు క్రెమ్లిన్‌కు పోయింది. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు: చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. 1964లో పార్టీ చీలినప్పుడు రాజేశ్వరరావు సీపీఐలో ఉన్నాడు, బసవపున్నయ్య సీపీఎంకు పోయాడు. ఒకే ప్రయాణం చేసిన ఇద్దరు మిగిలిన జీవితమంతా ఎదురెదురు ఆఫీసుల్లో కూర్చున్నారు.

ఇప్పుడు పుస్తకాలు చూడండి. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్ర 1972లో వచ్చింది. రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు 1973లో వచ్చాయి. దేవులపల్లి వెంకటేశ్వరరావు తన చరిత్ర రాసింది విప్లవ కమ్యూనిస్టుగా విడిపోయాక. మూడూ పోరాటం గురించే. కానీ మూడూ పోరాటం ముగిసి ఇరవై ఏళ్ళు దాటాక, మూడు పార్టీలు అయ్యాక రాసినవి. ఒకరికి 1948లో ఆగితే బాగుండేది, ఒకరికి 1951లో ఆపడం సరైందే, ఒకరికి అసలు ఆపకూడదు. ప్రతివాడూ 1948 గురించి చెబుతూ తన 1964కు సమాధానం ఇస్తున్నాడు. ఇవి జ్ఞాపకాలు మాత్రమే కాదు, వాంగ్మూలాలు కూడా. వాంగ్మూలాన్ని వాంగ్మూలంగా చదివితే బోలెడంత తెలుస్తుంది. మనం మాత్రం ఒక్కో పుస్తకాన్ని విడిగా తీసుకుని, కళ్ళు చెమర్చాయని రాసి, చివర ద్రోహుల పేర్లు ఎత్తి రాసేస్తాం. మూడింటినీ ఒకే టేబుల్ మీద పరిచి, ఒకే ఊరి గురించి ముగ్గురూ ఏం చెప్పారో పక్కపక్కన పెట్టి చూసే ఓపిక లేదు. నాకు కూడా ఉండేది కాదు. కరోనా రోజుల్లో వర్క్ ఫ్రమ్ హోమ్ ఆ ఓపికను బలవంతంగా నేర్పింది.

అలా పరిచి చూసినప్పుడు ఇంకోటి కనిపించింది. ముగ్గురూ తిట్టుకోవడానికి అయినా ఒకరికొకరు దొరికారు. తిట్టుకోవడానికి కూడా ఎవరికీ దొరకని మిత్రులు ఉన్నారు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవండి. దళాలకు అన్నం వండినవాళ్ళు, కొరియర్లుగా తిరిగినవాళ్ళు, తుపాకి పట్టినవాళ్ళు, అజ్ఞాతంలో బిడ్డల్ని కని పోగొట్టుకున్నవాళ్ళు అందులో మాట్లాడతారు. పోరాటం ముగిశాక వాళ్ళకు అందిన ఆదేశం ఇంటికి పొమ్మని. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012 దాకా రాలేదు, అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. ప్రత్యర్థి కావాలంటే నీకు ఒక వాటా ఉండాలి. ఒక గ్రూపు, ఒక పత్రిక, కనీసం ఒక ఆఫీసు గది ఉండాలి. ఈ స్త్రీలకు అదీ లేదు. వాళ్ళు శత్రువులు కాలేదు, కనబడకుండా పోయారు. యుద్ధానంతర వైరం గురించి రాసేటప్పుడు వైరం దాకా కూడా రానివ్వని వాళ్ళ లెక్క ముందు తీయాలి.

ముస్లింల సంగతీ అంతే. విసునూరు దేశముఖు మీద కోర్టుకెక్కి 1941లో ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఏ వైపు? రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికివేతకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఏ వైపు? పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో మఖ్దూం ఒకడు. పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండ మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2024లో ‘రజాకార్’ సినిమా వచ్చినప్పుడు మళ్ళీ చర్చంతా హిందువా ముస్లిమా అన్న దగ్గరే తిరిగింది. దేశముఖు ఎవరు, వెట్టి ఎవరిది అన్న ప్రశ్న హాలు బయటే ఉండిపోయింది. మిత్రుల జాబితాలో నుంచి బందగీని కొట్టేస్తే గానీ ఆ కథ నడవదు.

* * *

ఇదంతా పాత సంగతి, ఇప్పుడెందుకు అంటారా? ఇబ్రహీంపట్నంలో అది పాత సంగతి కాలేదు.

హైదరాబాద్ చుట్టూ ఉన్న నేల చాలావరకు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఉంచుకున్న భూమి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. రక్షిత కౌలుదారు అన్న మాట పుట్టింది. తర్వాత 38-ఇ సెక్షన్ ఆ కౌలుదారుకు యాజమాన్య హక్కు ఇచ్చింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మా వైపు ఏ పట్టా తగువు గురించి అడిగినా మూడో మాటలో 38-ఇ వినిపిస్తుంది. పెద్దకాపు పేరు రికార్డులో, దున్నినవాడి పేరు గాల్లో. 1951 ఏప్రిల్‌లో, సాయుధ పోరాటం ఇంకా నడుస్తుండగానే, ఇక్కడికి ఎంతో దూరం లేని పోచంపల్లిలో వినోబా భావే భూదానం మొదలుపెట్టాడు. తుపాకితో కానిది దయతో అవుతుందన్నారు. అది కూడా పూర్తి కాలేదు.

1948 మిత్రులు ఎగ్గొట్టిన ప్రశ్నను మా తాలూకాలో మళ్ళీ తెరిచింది 1980ల్లో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం. వెట్టి మీద, కూలి మీద, దళితుల చేతిలో ఉండాల్సిన భూమి మీద. అందులో పనిచేసిన గీతా రామస్వామి తన అనుభవాన్ని ఇంగ్లీషులో 2022లో పుస్తకంగా రాసింది. తనను తాను దారి తప్పిన విప్లవకారిణి అని పేరులోనే చెప్పుకుంది. నలభై ఏళ్ళ కింద విప్లవం ‘పూర్తయిన’ నేల మీద 1984లో కూడా మనిషిని అప్పు కింద కట్టేసుకునే జీతగాళ్ళ వ్యవస్థ ఉందన్నది ఆ పుస్తకంలో నన్ను కొట్టిన సంగతి. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ ఇదే రోడ్డు మీద ఉంది. నాలుగేళ్ళు బస్సులో వచ్చిపోయాను. కిటికీలోంచి కనబడే పొలాలకు ఈ చరిత్ర ఉందని ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పొలాల్లో ఫ్లాట్ల రాళ్ళున్నాయి, ఆదిబట్లలో మా లాంటి వాళ్ళ ఆఫీసులున్నాయి.

ఓట్ల లెక్క కూడా చూడండి. ఇబ్రహీంపట్నంలో సీపీఎం 1994లో గెలిచింది, తెలుగుదేశంతో పొత్తులో. 2004లో గెలిచింది, కాంగ్రెస్‌తో పొత్తులో. ఏ పార్టీ ప్రభుత్వపు తుపాకుల ముందు మూడేళ్ళు నిలబడ్డారో ఆ పార్టీతోనే. దీన్ని కూడా ద్రోహం అంటే మాట్లాడడానికి ఏమీ మిగలదు. పొత్తు అంటే ఏ ప్రశ్నను పక్కన పెట్టామో, ఎన్నాళ్ళు పెట్టామో అడగాలి.

* * *

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మేం ఇంజనీరింగ్ పిల్లలం, సాగర్ రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నాం. మా నలుగురిలో ఒకడి నాయిన సర్కారు బడి టీచర్, ఆయనా సమ్మెలో ఉన్నాడు. ఇంకొకడు గ్రూప్స్ రాస్తానని అప్పటికే పుస్తకాలు కొన్నాడు. నీళ్ళు, నిధులు, నియామకాలు అని నలుగురం ఒకే గొంతుతో అరిచాం. ఆ మూడో మాటకు మా నలుగురిలోనే రెండు అర్థాలున్నాయని ఎవరికీ తట్టలేదు.

2014లో రాష్ట్రం వచ్చింది. ఐకాసను నడిపించిన కోదండరాం 2017లో నిరుద్యోగుల ర్యాలీకి పిలుపునిస్తే పోలీసులు తెల్లవారకముందే ఆయన ఇంటికి వెళ్ళి పట్టుకున్నారు. 2018లో ఆయన వేరే పార్టీ పెట్టాడు. ఉద్యమమంతా పాడుకున్న అందెశ్రీ పాట రాష్ట్ర గీతం కావడానికి పదేళ్ళు పట్టింది, ప్రభుత్వం మారితే గానీ కాలేదు. 2021 మార్చిలో ప్రభుత్వ ఉద్యోగులకు 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చి, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. టీచర్ కొడుకు సంతోషంతో స్వీట్ల ఫోటో పెట్టాడు. గ్రూప్స్ వాడు అప్పటికి అశోక్ నగర్‌లో ఆరేళ్ళుగా రూమ్ కిరాయి కడుతున్నాడు. మూడేళ్ళ పాటు రిటైర్మెంట్లు లేవంటే వాడికి మూడేళ్ళ ఖాళీలు పోయినట్టే. వాడు ఏమీ అనలేదు. అన్నది నేను. ఏసీ గదిలో కూర్చుని, ఐటీ జీతం తింటూ, ఫోటో కింద మూడు అక్షరాలు కొట్టాను: ‘ద్రోహులు’.

టీచర్ కొడుకు ఒక్కటే రాశాడు. “మా నాయిన నలభై రెండు రోజులు జీతం లేకుండ కూసున్నడు రా. నువ్వేం పోగొట్టుకున్నవ్?” గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నేను ద్రోహం చూసిన చోట ఉన్నది ఒక మాటకు రెండు అర్థాలు. ఉన్న ఉద్యోగం నిలబడాలన్న వాడికీ, లేని ఉద్యోగం రావాలన్న వాడికీ ‘నియామకాలు’ అన్న ఒక్క మాట సరిపోయింది, శత్రువు ఎదురుగా ఉన్నంతకాలం. ‘నిజాం పోవాలి’ అన్న మాట గడీ కింద ఉన్నవాడికీ, కోర్టులో ఉన్న వకీలుకూ సరిపోయినట్టే. నినాదం గొప్పదయ్యేదే అందరికీ సరిపోవడం వల్ల. తర్వాత పగిలేదీ అందుకే.

దీని మీద ఒక అభ్యంతరం న్యాయమైనది. అంతా నిర్మాణమే, ఎవరి తప్పూ లేదు అంటే, కాల్చినవాడూ కాలినవాడూ సమానమేనా? కాదు. మాట ఇచ్చి తప్పినవాడు తప్పినవాడే. పంచిన భూమిని తిరిగి గుంజుకోవడం నేరమే. కానీ ఆ నేరం మోపాలంటే ఏ మాట, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో చూపించాలి. ఆ శ్రమ పడితే ద్రోహం అన్న మాటకు పదును వస్తుంది. శ్రమ పడకుండా వాడితే అది తిట్టు. తిట్టుతో ఒక పని మాత్రం బాగా అవుతుంది: వాటా దక్కని వాళ్ళు ఎవరో అడగాల్సిన అవసరం పోతుంది. ఇద్దరు నాయకులు ఒకరినొకరు ద్రోహి అనుకుంటుంటే జీతగాడు, కొరియర్ అమ్మాయి, బందగీ కొడుకులు చప్పట్లు కొట్టే ప్రేక్షకులుగా మిగులుతారు.

కాబట్టి మనకు, సమీక్షలు రాసేవాళ్ళకు, నా గొడవ ఇది. వచ్చే సెప్టెంబర్‌కు ఇంకో జ్ఞాపకాల పుస్తకం వస్తుంది, ఇంకో నవల వస్తుంది. అందులో మిత్రులు విడిపోయే పేజీ దగ్గర ఆగండి. వాళ్ళు కలిసిన రోజు ఏ ప్రశ్నను నోట్లోనే మింగారో వెతకండి. ఈ రచయిత దీన్ని రాసేనాటికి ఏ ఆఫీసులో కూర్చున్నాడో చూడండి. ఆ తర్వాత కూడా ద్రోహం అనాలనిపిస్తే అనండి, ఎవరూ ఆపరు.

పోయిన సెప్టెంబర్ 17న మా చౌరస్తాలో ఆ ఫ్లెక్సీల కింద నిలబడి టీచర్ కొడుక్కు ఫోన్ చేశాను, నాలుగేళ్ళ తర్వాత. ఆ మాట తప్పన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

“సరే రా,” అన్నాడు. “కానీ చెప్తున్న ఇను. నువ్వు మాట వాపస్ తీసుకున్నవని నా ఓటు మారదు.”

“నాది కూడ మారదు,” అన్నాను.

“మరి గ్రూప్‌ల మల్ల ఆడ్ చెయ్. తిట్టుకునేటందుకన్న ఉండాలె గదా.”